పాక్షిక డిశ్చార్జి

ఈ ఏడాది నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఒక్క కాలు కూడా తీసెయ్యడానికి వీల్లేదని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. ఆ మాట ఆయన రెండు కాళ్ల మీద నిలబడి చెప్పారని పత్రికలు మెచ్చుకున్నాయి.

ఆసుపత్రి రికార్డుల గుమాస్తా ఆ వార్త చదివి పొంగిపోయాడు. నెలకెన్ని కాళ్లు పోయాయో లెక్కవేసి పంపేది అతనే మరి. గుండ్రటి చేతిరాత తప్ప తనలో చెప్పుకోదగ్గది ఏమీ లేదని అతనికి తెలుసు. పన్నెండేళ్ల నాటి షుగరు ఉంది గానీ, అది ప్రతిభ కిందికి రాదు.

సూపరింటెండెంటు పిలిచాడు.

"ఈ నెల ఎన్ని?"

"ఇరవై ఎనిమిది సార్."

"సున్నా ఉండాలయ్యా."

"తీసేశారు కద సార్!"

"తీసేశారని ఎవరన్నారు?"

"మన రిజిస్టరే సార్."

"అయితే రిజిస్టర్లో మాట మార్చు."

గుమాస్తా మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. 'అవయవ సర్దుబాటు' అని రాసి కొట్టేశాడు. నాలుగో రోజు ఆయా ఒకామె మూతపెట్టిన బకెట్టుతో వెనక గేటు దాటుతుంటే ఠక్కున వెలిగింది. కాలు ఆసుపత్రిలోంచి బయటికి వెళ్తోంది. బయటికి వెళ్తే డిశ్చార్జి. మనిషి మొత్తం వెళ్లలేదు కాబట్టి పాక్షిక డిశ్చార్జి!

సూపరింటెండెంటు లేచి కావలించుకున్నాడు. కాళ్లు తీయడం సున్నా అయింది, డిశ్చార్జిలు ఇరవై ఎనిమిది పెరిగాయి.

సభ పెట్టి గుమాస్తాకు పతకం ఇచ్చారు. అందుకోసం భార్య కొనిపెట్టిన కొత్త బూట్లతో అతను మూడు గంటలు నిలబడ్డాడు. ఎడమ మడమ ఒరుసుకుపోయినా నవ్వు చెదరలేదు.

"కాళ్లే పోనప్పుడు షుగరు రోగులకు పాదాల క్లినిక్కు దేనికి? దండగ!" అని మంత్రిగారు అక్కడికక్కడే ఎత్తేశారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది గుమాస్తాయే.

వారం తర్వాత మడమ పుండుకు కట్టు కట్టించుకుందామని కుంటుకుంటూ ఆ క్లినిక్కుకే వెళ్లాడు. తలుపుకు తాళం. 'కేసులు లేనందున మూసివేయడమైనది' అని కాగితం. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఉండవూ మరి, రాసింది తనే! కాసేపు చూసి మురిసి, ఇంటికెళ్లి పసుపు అద్దుకున్నాడు.

ఇంకో మూడు వారాలకు పాదం నల్లబడింది. మంచం మీద ఉన్న అతని కాలు చూసి సర్జనమ్మ తల పట్టుకుంది.

"మొదట్లోనే కట్టు కట్టించుకుంటే తగ్గిపోయేది కదండీ! ఎందుకు రాలేదు?"

"వచ్చానమ్మా. కేసులు లేవని మూసేశారు."

"అలాగని ఎవరు చెప్పారు?"

గుమాస్తాకు తలుపు మీది కాగితం గుర్తొచ్చింది. జీవితంలో మొదటిసారి తన చేతిరాత మీద అసహ్యం వేసింది.

"మోకాలి కింది దాకా. రేపు పొద్దున్నే," అంది సర్జనమ్మ.

నర్సు ఫారం తెచ్చింది. "ఏమని రాయాలో మీకే బాగా తెలుసు సార్," అంది గౌరవంగా. అతనే రాసి సంతకం పెట్టాడు.

సాయంత్రం భార్య ఫ్లాస్కుతో వచ్చింది.

"ఏమన్నారండీ?"

"రేపు డిశ్చార్జి."

"హమ్మయ్య! పొద్దున్నే ఆటో మాట్లాడనా?"

గుమాస్తా దుప్పటి కింద ఎడమ కాలి వేళ్లు కదిపి చూసుకున్నాడు.

"వద్దులే," అన్నాడు. "నేను తర్వాత వస్తాను."