రామకిషన్ నౌకాతృతీయతంత్రీవిజయము

ఏ కాలమున మనుష్యులు నిద్రించి లేచుసరికి తమ ఇంటితో సహా మరియొక రాష్ట్రమున మేల్కొనిరో, హైదరాబాదు బిడ్డయగు రాజురా తాలూకా ఏ కాలమున బొంబాయికి దత్తు పోయెనో, ఆ పునర్వ్యవస్థీకరణ సంవత్సరములలో, చాందా వైపు గట్టును రాజురా వైపు గట్టును సమదృష్టితో తడుపు వార్ధానదీతీరమున, కలప డిపో యజమానియు, విజ్ఞానగ్రంథపఠనవ్యసనియు, వర్ణశోభితవిహారనౌకాధిపతియు అగు రామకిషన్ అను మహావీరుడు ఒక ఆదివారపు సాయంకాలమున చెమటలు కక్కుచుండెను.

కారణము వినుడు. గట్టున కట్టియుండు ఆ కొయ్యపడవకు డిపోలోని స్విచ్చుబోర్డునుండి కరెంటు లాగి, బల్బును రేడియోను ప్రతిష్ఠించినవాడు తానే. బోర్డున మూడు రంధ్రములుండగా, రెండు తీగలతోనే బల్బు వెలిగినది గదా, మూడవదానికి పనియేమని ఉపేక్షించినవాడును తానే. నూలుగుడ్డ చుట్టిన ఆ తీగ, పడవ ఊగినప్పుడెల్ల ఇనుప రైలింగునకు రాచుకొని రాచుకొని చినిగి, రైలింగంతటను విద్యుత్తు సంచరింపజొచ్చెను.

ఆ మధ్యాహ్నము అతని మేనత్త ఆగమ్మ, చెప్పులు గట్టున విడిచి, ఏటినీట కాళ్ళు కడిగి, తడిచేతితో రైలింగును తాకి కన్నులకద్దుకొనబోగా ఒళ్ళు జివ్వుమన్నది.

"అమ్మ వచ్చింది," అని ప్రకటించెను.

అంతట వాడకట్టు ఆడవారెల్లరు పసుపుకుంకుమలతో, తడికాళ్ళతో బారులు తీరిరి. ఆగమ్మ స్విచ్చుబోర్డుకు బంతిపూల దండ వేసి, స్విచ్చు నెవ్వరును ముట్టకుండ దాని ముందే పీట వేసుకొనెను. ఏట మునిగి, తడిబట్టలతో రెండు చేతుల రైలింగు పట్టి మొక్కెదనని ఆమె సంకల్పము. ఇప్పటికి జివ్వుమన్నది, ఒళ్ళంతయు తడిసినచో ప్రాణమే పోగలదు. తల్లి లేని రామకిషన్‌ను పెంచిన ప్రాణమది.

అతడు పీట ఎదుట నిలిచి మేఘగంభీరస్వనమున ఎలుగెత్తెను: "ఓ పితృసోదరీ, ఆర్ద్రశరీరము విద్యుత్ప్రవాహమునకు రాజమార్గము. అది హస్తమున ప్రవేశించి, హృదయమును స్తంభింపజేసి, పాదతలమున భూమిని చేరును. కావున..."

"గిదేం భాషరా," అన్నది ఆగమ్మ. "పంతులు మంత్రం మర్సిపోయినట్టుంది. పక్కకు జరుగు, అమ్మకు అడ్డం నిలవడకు."

"అత్తా, గది అమ్మ గాదు, కరెంటు."

"తెచ్చి పెట్టింది నువ్వేనాయె. మరి నీకు కనవడంది నాకెట్ల కనవడ్డది?"

పడవ నడుపు మొండయ్య నవ్వు దాచుకొనుటకు నది వైపు తిరిగెను.

శాస్త్రబాణములన్నియు పీటను తాకి వంగిపోయెను. ఆగమ్మ బోర్డు కాపలాను ఆడవారికి అప్పగించి, స్నానమునకు లేచెను. అప్పుడు మన వీరుడు, తూణీరము అడుగున మిగిలిన వట్టి నిజమును తీసి సంధించెను.

"పోతే పో గని అత్తా, గా తీగకు చుట్టిన గుడ్డ చినిగింది. జర చూడు."

ఆగమ్మ పాదము గాలిలోనే నిలిచెను. గుడిలో అమ్మవారికి చీర మార్చునపుడు తెర వేయవలెనని ఆమెకు ఒకరు చెప్పవలెనా?

"గింతమందిల చినిగిన బట్టతోనా? సిగ్గు లేదురా నీకు. ముందుగాల బల్బు బందు పెట్టు. తెర నేను పట్టుకుంట."

తక్షణమే రామకిషన్ ఎండుబల్లపై నిలిచి, పొడిచేతితో స్విచ్చును ఖట్టుమని దించెను. ఆగమ్మ దుప్పటిని తెరగా పట్టగా, ఆ తెర మాటున, డిపోలోని కోతమిషను నుండి ఊడదీసిన మూడు తీగల రబ్బరు కేబులును పడవకు తొడిగి, మూడవ తీగను, అనగా ఎర్తును, రైలింగునకు బిగించెను. దాని రెండవ కొసను, గట్టున గుంత తవ్వి కట్టెబొగ్గు, ఉప్పు నింపి పాతిన ఇనుపగొట్టమునకు కట్టెను. మరల బల్బు వెలిగించి, రైలింగునకు టెస్టరు తాకించి చూచి, దారి వదలెను.

ఆగమ్మ తాకెను. మరల తాకెను.

"సల్లగుంది. అమ్మ ఏడికి పోయిందిరా?"

మహావీరుడు అసత్యమాడలేదు. "దారి చేసిన అత్తా. ఇగ రైలింగుల ఏమొచ్చినా గా గుంతలకెల్లి భూమిలకే పోతది. గని గుంత ఎండొద్దు. నీళ్ళు పోస్తుండాలె."

"గింత ముచ్చట ముందుగాల చెప్పరాదు," అన్నది ఆగమ్మ, చెంబు వెదకుచు.

నాటినుండి ఆమె ప్రతి ఉదయము చెప్పులు విడిచి, గుంతకు నీళ్ళు పోసి మొక్కుచుండెను. వార్ధాతీరమున అంత శాస్త్రోక్తముగ తడిసిన ఎర్తు గుంత మరియొకటి లేదు. అష్టదిక్పాలకులారా, చాటింపు వేయుడు: రామకిషన్ పడవ రైలింగు ఇక ఎవ్వరిని కరవదు!