హబ్బులో వెన్నపూస

వానాకాలంలో సైకిల్ హబ్బులోకి నీళ్లు దూరడం ఇంటిల్లిపాదికీ మహాభాగ్యమని ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి. నవ్వేవాళ్ల ఇంట్లో హబ్బు లేదన్నమాట!

హబ్బంటే ఏమిటంటారా? చక్రం నడిమధ్యన, స్పోకులన్నీ వచ్చి చేరే బొడ్డు. లోపల ఇరుసు, దాని చుట్టూ గోళీల్లాంటి ఇనప బాల్స్, వాటికి గ్రీజు. ఎండాకాలంలో అదొకటుందని కూడా ఎవరికీ గుర్తుండదు.

మా అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. చినుకు పడిందా, మా వీధి చెరువే! స్కూటరు రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. అందుకని మౌంటెన్ బైకు, అదే కొండలెక్కే సైకిలు, కొన్నాం. "మా దగ్గర కొండల్లేవయ్యా, అన్నీ గోతులేగా?" అన్నాను. "కొండను తిరగేస్తే గొయ్యే కదండీ పెద్దాయనా!" అన్నాడు షాపతను. అంతటి జ్ఞాని దగ్గర బేరమాడ్డానికి నోరెలా వస్తుంది?

బైకు ఈదుకుంటూ వెళ్లి ఈదుకుంటూ వస్తుంది. హబ్బులో చేరిన నీళ్లు తీసి, కొత్త గ్రీజు పెట్టకపోతే తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. చక్రం బిగుసుకుంటే అమ్మాయి డ్యూటీకి ఆలస్యం. "ఇంకొక్కసారి ఆలస్యమైతే నీ చోట్లో వేరేవాళ్లని చూసుకుంటాం" అని హెడ్ నర్సు ముందే చెప్పేసింది. కాబట్టి వానపడ్డ ప్రతి సాయంత్రం మా ముందుగదిలో హబ్బు ఆపరేషను.

ఎంత భాగ్యమో చూడండి! పెళ్లయిన నాటినుంచీ నాతో "ఊఁ", "ఆఁ" తప్ప మాట్లాడని అల్లుడు ఇప్పుడు "మామయ్యా, ఆ గుడ్డ! అయ్యో, మీరు కట్టుకున్నది కాదు, పక్కది!" అంటూ నోరారా పలకరిస్తున్నాడు. బాల్స్ బీరువా కిందికి దొర్లితే అందరం బోర్లా పడుకుని వెతుకుతాం. మా ఆవిడ చేత ఆ ఆసనం వేయించడం ఏ యోగా మాస్టరు తరమవుతుంది?

ముందు చక్రం హబ్బులో ఓసారి కప్పపిల్ల దొరికింది. ఒట్టు! బయటికి రానంటే రానని బెకబెకమంది. అద్దెకు దిగినట్టుంది.

ఇక వైద్యం సంగతి. నీళ్లు కలిసిన గ్రీజు తెల్లగా, మెత్తగా మారుతుంది. అల్లుడు దాన్ని గోకి గిన్నెలో పెట్టాడు. నడుంనొప్పితో మూలుగుతూ వచ్చిన మా బావమరిది వెన్నపూస అనుకుని బ్రెడ్డుకు దట్టంగా పట్టించాడు.

"అక్కా, వెన్న కాస్త ఇనప వాసనొస్తోందే?"

"ఇనుము ఒంటికి మంచిదేలేరా, తిను" అంది వంటింట్లోంచి మా ఆవిడ.

తెల్లారేసరికి లేచి గెంతాడు! వెన్నపూస అనుకుని తిన్నది తిన్నగా వెళ్లి వెన్నుపూసకు పట్టింది. ఇప్పుడు ఎటు వంగినా చప్పుడు లేదు. కాకపోతే నడక మొదలెడితే ఆగడం చేతకావడం లేదు. వీధి చివర ఎవరో ఒకరు పట్టుకుని ఆపాలి.

మొన్నటి వానలో కాలువల శాఖ ఇంజనీరుగారి కారు సరిగ్గా మా గుమ్మం ముందు మునిగింది. ఆయన మా ముందుగదిలో తలదాచుకుని, ఆపరేషను చూసి ముచ్చటపడ్డారు.

"ప్రతి వానకీ విప్పుతారా! ఏం శ్రద్ధండీ! అయినా దీనికి సీలు ఉంటుందిగా?"

"రబ్బరు సీలు సార్. తుంపరైతే ఆపుతుంది, మునిగితే ఏం ఆపుతుంది?" అంది అమ్మాయి, మోచేతుల దాకా గ్రీజుతో. "రేపు పొద్దున ఈ చక్రం తిరక్కపోతే నా ఉద్యోగం పోతుంది. ఇంతకీ మా వీధి కాలువను మీరెప్పుడు విప్పుతారు?"

ఆయన నొచ్చుకున్నారు. "దాన్ని విప్పాల్సిన పనేముందమ్మా? అది పక్కా సీలు!"

నిజమే సుమండీ. కొత్త రోడ్డు వేసినప్పుడు కాలువ మూతల మీదుగా కాంక్రీటు పోసి నున్నగా మెత్తారు. నేనే దగ్గరుండి చూశాను. ఇన్ని వానలు కురిశాయా, ఒక్క చుక్క లోపలికి పోలేదు! ఇంత గొప్ప సీలు ఏ సైకిల్ కంపెనీకి చేతనయింది? అందుకే ఊళ్లో నీళ్లన్నీ, పాపం, వేరే దారిలేక మా అమ్మాయి హబ్బులోంచి పోతున్నాయి.