విహార లాంతరు

ఇకమీదట కరెంటు కోత అనే మాట ఎక్కడా వినపడకూడదని విద్యుత్ మంత్రిగారు ప్రకటించారు. కోత ఉండదని ఆయన అనలేదు. మాట ఉండదన్నారు. తన చేతిలో ఉన్నంతవరకే హామీ ఇచ్చే పెద్దమనిషి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు?

అదే సభలో ఇంటింటికీ చవకలో ఒక లాంతరు ఇస్తామని కూడా సెలవిచ్చారు.

"కరెంటు పోయినప్పుడు వాడుకోడానికాండీ?" అని ఒక విలేకరి లేచాడు.

"పోనిదానికి లాంతరెందుకయ్యా? జనం విహారానికెళ్తారు. ఏటి గట్ల మీద టెంట్లేసుకుంటారు. అక్కడ వెలుతురొద్దా?"

దాంతో పథకానికి 'విహార లాంతరు' అని పేరు ఖాయమైంది. టెంటు ఉన్న కుటుంబానికే లాంతరు, టెంట్లోనే వెలిగించాలి అని రెండు నిబంధనలు కూడా పుట్టాయి.

లాంతరు ఎంపిక చేసే భారం శాఖ కార్యదర్శిగారి మీదా, ఆయన కింద పనిచేసే సూపరింటెండెంటు మీదా పడింది. సూపరింటెండెంటుకి ఆఫీసులో సరేసార్ అని పేరు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతాల సెక్షన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు.

సరేసార్ భార్య దర్జీపని చేస్తుంది. ఈసారి పక్క వీధి స్కూలు యూనిఫారాలన్నీ ఆమెకే వచ్చాయి. బడి తెరిచేలోపు ఇవ్వకపోతే వచ్చే ఏడు నుంచి పెద్ద షాపుకి ఇచ్చేస్తామని హెడ్మిస్ట్రెస్ మొహం మీదే చెప్పింది. పగలంతా ఇంటిపని, సాయంత్రం మిషను దగ్గర కూర్చోగానే కరెంటు పోవడం. మిషను కాలితో తొక్కేదే గానీ, చీకట్లో సూది ఎక్కడుందో కాలికేం తెలుస్తుంది?

"ఏమండీ, లాంతర్లు మీరే ఎంచుతున్నారటగా?"

"నేనేంటే, కమిటీ."

"మీ కమిటీకి సూదిలో దారం ఎక్కించడం వచ్చా?"

"రాదు."

"అయితే నా మాట వినండి. పైన కొక్కెం ఉండాలి, మిషను మీదకి వేలాడదీస్తాను. వెలుగు కళ్లలో కొట్టకూడదు, గుడ్డ మీద పడాలి. కిందపడితే పగలకూడదు. సెల్స్ వేసుకునేదై ఉండాలి. అయిపోతే సందు చివర కొట్లో తెచ్చుకుంటాం. ఇంతకు మించి ఏ సోకులూ వద్దు."

"సరే."

"ఆ సరే నాకు కాదు. అక్కడ మాత్రం ఇదే కావాలని గట్టిగా చెప్పండి."

ఎంపిక ఆఫీసు మీటింగు హాల్లో జరిగింది. విహార వాతావరణం తేవాలని కార్యదర్శిగారు హాలు మధ్యలో టెంటు వేయించారు. కింద తివాచీ, పైన ఏసీ, కిటికీలకు దట్టమైన పరదాలు. లాంతర్లు బాగా కనపడాలని హాల్లో లైట్లన్నీ వేశారు. మంత్రిగారు నడుం వంచి టెంట్లోకి దూరారు. వెనకే కార్యదర్శిగారు. చోటు చాలక సరేసార్ తల మాత్రం లోపల పెట్టాడు.

మొదటి లాంతరులో రేడియో ఉంది, చిన్న ఫ్యాను ఉంది, దోమల్ని చంపే ఏర్పాటు ఉంది.

"మరి బల్బేదయ్యా?"

"అది విడిగా కొనుక్కోవాలి సార్," అన్నారు కార్యదర్శిగారు.

రెండోది పసుపురంగు బుల్లి లాంతరు. సరేసార్ గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఇది అన్నిటికంటే చవక. కొక్కెం కూడా ఉంది. చూడండి సార్, కిందేసినా పగలదు." నిజంగానే కిందేశాడు. అది దొర్లి, మంత్రిగారి కాలి దగ్గర ఆగి, వెలుగుతూనే ఉంది.

"బాగుందే! దేంతో వెలుగుతోంది?"

"సెల్స్‌తో సార్."

మంత్రిగారి మొహం మాడిపోయింది. "ప్రభుత్వం కరెంటిస్తుంటే కొట్లో సెల్స్ కొనుక్కోమంటావా? మన కరెంటు మీద మనకే నమ్మకం లేదని ఊరంతా చాటుతావా?"

ఇదే కావాలని గట్టిగా చెబుదామని సరేసార్ నోరు తెరిచాడు. "సరే సార్," అని వచ్చింది.

మూడోదాన్ని ఇంట్లో ప్లగ్గుకి పెట్టి చార్జింగ్ చేసుకోవాలి. సెల్స్ పట్టవు. కొక్కెం లేదు. "అదీ, శాఖ మీద గౌరవమున్న లాంతరంటే!" అని మంత్రిగారు దాన్ని ఒళ్లోకి తీసుకున్నారు.

సరిగ్గా అప్పుడే హాల్లో లైట్లన్నీ ఆరిపోయాయి. ఏసీ ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేదు.

"చీకటి పడిందేంటి?" అన్నారు మంత్రిగారు.

"పొద్దుపోయింది సార్."

"ఇందాకేగా టిఫిన్ తిన్నాం?"

"అడవిలో పొద్దు తొందరగా వాలుతుంది సార్," అన్నారు కార్యదర్శిగారు.

ఇంత సహజంగా ఏర్పాట్లు చేసినందుకు మంత్రిగారు ఆయన భుజం తట్టారు. ఒళ్లో ఉన్న లాంతరు వెలిగించి ఫోటో దిగారు. ఎంపిక అయిపోయింది.

సరేసార్ ఆ లాంతరే ఇంటికి తెచ్చాడు. భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కొక్కెమేదండీ?"

"లేదు."

"సెల్స్?"

"ప్లగ్గు."

"అసలు చెప్పారా మీరు?"

"చెప్పానే. మంత్రిగారు చాలా శ్రద్ధగా విన్నారు."

లాంతరు టెంట్లోనే వెలగాలి కాబట్టి ఆమె ఇంటి ముందు రెండు కర్రలు పాతి పాత దుప్పటి కప్పింది. మిషను బయటికి లాగించి దుప్పటి కింద పెట్టించింది. కొక్కెం లేని లాంతరుని నాడాతో కర్రకి కట్టింది. కరెంటున్న కాసేపట్లో దానికి చార్జింగ్ పెట్టడం, పోగానే టెంట్లోకి పరిగెత్తడం. వీధివీధంతా అదే పని. కొందరు కర్టెన్లు కప్పారు, కొందరు సిమెంటు బస్తాలు విప్పి అతికించారు. పక్కింటి మామ్మ గొడుగు తెరిచి దాని కింద కూర్చుని, అదే టెంటని అధికారులతో వాదించి మరీ లాంతరు సాధించింది.

పథకం చూడ్డానికి మంత్రిగారు కార్యదర్శిగారినీ సరేసార్‌నీ వెంటబెట్టుకుని స్వయంగా ఆ వీధికి వచ్చారు. మునిమాపు వేళ. ఎప్పటిలాగే కరెంటు లేదు. ఇళ్లన్నీ చీకటి, ఇళ్ల ముందు వరసగా వెలిగే టెంట్లు.

"ఇళ్లలో దీపాల్లేవేం?"

"అందరూ విహారానికొచ్చేశారు సార్. వస్తూ వస్తూ లైట్లు ఆర్పేసి వచ్చారు," అన్నారు కార్యదర్శిగారు.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఇంత సుఖంగా, ఇంత పొదుపుగా బతికే జనాన్ని తానెక్కడా చూడలేదన్నారు. "ఇంట్లో మనుషులే లేనప్పుడు తీగల్లో కరెంటు ఊరికే తిరగడమెందుకు? రేపట్నుంచి ఈ వీధికి లైను ఆపేయండి."

ఆ వీధి ఎవరిదో వచ్చినవాళ్లలో తెలిసినవాడు సరేసార్ ఒక్కడే. ఈసారి సరే అనలేదు. కాదనీ అనలేదు.

భార్యే దుప్పటి పక్కకి తీసి బయటికొచ్చింది. మెళ్లో కొలత టేపు, చేతిలో సగం కుట్టిన చొక్కా.

"అయ్యా, లైను ఆపేస్తే ఈ లాంతరుకి చార్జింగెక్కడ పెట్టుకోవాలండీ? ఇంకా సగం చొక్కాలకి కాలర్లే పడలేదు."

మంత్రిగారు ప్రేమగా నవ్వారు.

"చార్జింగెందుకమ్మా? కరెంటు లేనప్పుడు వాడుకోడానికేగా లాంతరిచ్చింది!"

కార్యదర్శిగారు దగ్గారు. కారు కదిలింది. ఆమె లోపలికెళ్లి, లాంతరు కొడిగట్టేలోపు ఇంకో కాలరైనా పడుతుందేమోనని మిషను తొక్కడం మొదలుపెట్టింది.