అరువు నాన్న

ఆ వేళ పొద్దున పెద్దోడు వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళాలి, అట్టముక్కలతో చేయించిన బొమ్మ భవనాన్ని సభలో బల్లమీద పెట్టాలి, దాన్ని చూపించి నాలుగు చప్పట్లు కొట్టించుకోవాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి కాళ్ళు చాపుకోవాలి. అంతే. ఒక్కగానొక్క కొడుకే అయినా ఎందుకో పుట్టినప్పటినుంచీ ఇంట్లో అతన్ని పెద్దోడనే పిలిచారు. ఆ పేరుకు తగ్గట్టు, అన్నీ తనకే తెలుసన్న నమ్మకం కూడా ఉయ్యాల్లో ఉన్నప్పుడే వచ్చేసింది.

మునిసిపల్ ఆఫీసులో ప్లాన్లు గీసే ఉద్యోగం అతనిది. ఊళ్ళో వయసు మళ్ళినవాళ్ళు పగటిపూట వచ్చి కూర్చోవడానికి ఒక భవనం కట్టాలని పైవాళ్ళు తలపెడితే, ఆ పని వచ్చి అతని నెత్తిన పడింది. నెలల తరబడి గీశాడు. నడిమధ్యలో గుండ్రంగా ఒక పెద్ద నిశ్శబ్ద మందిరం. దాని చుట్టూ ఒక్కొక్కరే కూర్చునేలా చిన్నచిన్న గదులు. గోడగోడకీ ‘మెల్లగా మాట్లాడండి’ అని బోర్డులు. పెద్దవాళ్ళకు ప్రశాంతతే కావాలని అతనికి ఎవరు చెప్పారయ్యా అంటే, ఎవరూ చెప్పలేదు. వాళ్ళ నాన్న రోజంతా వరండాలో కుర్చీ వేసుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటాడు. అది చూసి, ఆయనకు అదే ఇష్టం కాబోలనుకున్నాడు.

గడప దాటబోతుంటే తల్లి ఎదురొచ్చింది.

"సభకి మేమూ వస్తాంరా. అరవై దాటినవాళ్ళంతా రావచ్చని నిన్న మైకులో చెప్పారు."

"మీరెందుకమ్మా? అక్కడంతా తోపులాట. నాన్నకి అసలే మోకాళ్ళ నొప్పులు."

అసలు సంగతి మోకాళ్ళు కాదు. తండ్రి బతుకంతా సైకిళ్ళు బాగుచేసినవాడు. అడిగేవాళ్ళు లేక ఆయన నోరు ఇంట్లో మూతపడింది గానీ, అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు మొహానే అనేస్తాడు. ఆఫీసరమ్మ ముందు ఏమంటాడోనని కొడుకు భయం.

"వద్దంటున్నాడుగా, వదిలెయ్యవే" అన్నాడు తండ్రి, కుర్చీలోంచి ఇటు తిరగకుండానే.

ఆఫీసులో ఆఫీసరమ్మ బొమ్మ భవనం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. మంచి మనిషే గానీ, కళ్ళద్దాల పైనుంచి చూసిందంటే ఎంతటివాడికైనా చెయ్యని తప్పు కూడా గుర్తొస్తుంది.

"ఇదంతా పెద్దవాళ్ళని అడిగే గీశారా? అడగని ప్లాన్ మీద నేను సంతకం పెట్టను. లారీలు నిలుపుకోడానికి ఆ స్థలం ఇమ్మని అవతల వాళ్ళు కాచుకుని ఉన్నారు. తెలుసుగా?"

తెలుసు. తెలుసు కాబట్టే నోటికి ముందొచ్చిన మాట అనేశాడు. "అయ్యో, అడక్కపోవడమేంటి మేడమ్! మా నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని గదిగదికీ ఆయన మాట తీసుకున్నాను."

ఆవిడ మొహం విప్పారింది. "ఈ రోజుల్లో ఇలాంటి కొడుకులెక్కడున్నారు! అయితే ఆయన్నే తీసుకురండి. సభలో నాలుగు మాటలు ఆయనే చెబుతారు."

పెద్దోడు ఒక్క పరుగున వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. నాన్నని తీసుకెళ్తే ఏమంటాడు? ‘నన్నెవడడిగాడు?’ అంటాడు. అంతటితో ప్లానూ పోతుంది, పరువూ పోతుంది. అలా దిక్కులు చూస్తున్నవాడికి పక్కింటి కండక్టరు బాబాయ్ కనిపించాడు. ఆయన రిటైరై ఏళ్ళు గడిచాయి గానీ, నలుగురు గుమ్మంలో నిలబడితే ఇప్పటికీ ఊరుకోలేడు.

"గంటసేపు మీ నాన్నగా ఉండాలా? ఓస్, ఇంతేనా! బస్సెడు జనానికి జవాబు చెప్పినవాణ్ణిరా నేను."

"ఎక్కువ మాట్లాడొద్దు బాబాయ్. ‘బాగుంది’ అనండి, చాలు."

"ఒక్క ముక్కేగా!"

ఒక్క ముక్క దగ్గర ఆగినవాడు కండక్టరెలా అవుతాడు? హాల్లోకి అడుగుపెడుతూనే, "తలుపు దగ్గర నిలబడకండి! ముందుకు జరగండి! లోపలంతా ఖాళీయే!" అని కేకేశాడు. పాపం, ముసలీ ముతకా అందరూ జరిగారు. ఆఫీసరమ్మ ముచ్చటపడి, "మీ నాన్నగారు భలే చురుకైనవారే!" అంది. పెద్దోడు నవ్వబోయాడు గానీ పెదాలు సాగలేదు.

కండక్టరు మైకు ముందుకెళ్ళి "బాగుంది" అన్నాడు. చప్పట్లు మోగాయి. జన్మంతా చిల్లర అడిగించుకున్నవాడే తప్ప చప్పట్లు ఎరగనివాడు. తలకెక్కింది.

"మా వాడు నన్నడక్కుండా మంచినీళ్ళు కూడా తాగడండి. ‘నాన్నా, ఇక్కడ కిటికీ పెట్టనా? నాన్నా, ఇక్కడ గోడ కట్టనా?’ అని ఒకటే ప్రాణం తీసేవాడు."

ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. పెద్దోడు మాత్రం చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

"మరి వీళ్ళ అమ్మగారు రాలేదా?" అనడిగింది ఆఫీసరమ్మ.

ఈ ప్రశ్న ఒప్పందంలో లేదు. ఆవిడ ఉందంటే పిలుచుకురమ్మంటారు, మళ్ళీ ఆవిణ్ణి ఎక్కడినుంచి అరువు తెచ్చేది? కండక్టరు ఒక్క క్షణం తటపటాయించి, చేతికందిన దారి పట్టాడు.

"ఆవిడ చనిపోయి చాలా కాలమైందండి" అని పెద్ద నిట్టూర్పు విడిచాడు.

ఆఫీసరమ్మ గుండె కరిగిపోయింది. "ఇంతటి కొడుకుని కన్న ఆ తల్లి కోసం అందరం లేచి కాసేపు మౌనంగా నిలబడదాం."

కుర్చీలు కిరకిరమన్నాయి. హాలంతా లేచి తలలు వంచుకుంది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని వచ్చారు ఇద్దరు: పెద్దోడి తల్లీ, తండ్రీ. ‘వాడొద్దంటే మాత్రం, మనవాడు కట్టే మేడ మనం చూడకపోతే ఎలా?’ అని ఆవిడే మొగుణ్ణి బయల్దేరదీసింది. ఇద్దరూ బీరువాలోని మంచి బట్టలు వేసుకున్నారు.

అందరూ నిలబడి ఉండడం చూసి ఆవిడా తల వంచి, పక్కామెను చెవిలో అడిగింది. "ఎవరు పోయారమ్మా, పాపం?"

"ఆ ప్లాన్ గీసినాయన వాళ్ళమ్మట. చాలా మంచిదట."

ఆవిడ నోరు తెరిచింది. తండ్రి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆయన వేదిక మీదున్న కండక్టర్ని చూశాడు, తర్వాత కొడుకుని చూశాడు. పెద్దోడూ చూశాడు. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. అరిచి చెబుదామంటే అది మౌనం పాటించే సమయం. పైగా మౌనం ఎవరికోసమో ఆవిడే ఎదురుగా నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

అందరూ కూర్చున్నాక, ఎవరైనా ఏమైనా అడగాలా అంది ఆఫీసరమ్మ. వెనకనుంచి తండ్రి చెయ్యెత్తాడు.

"ఆ నడుమనున్న గుండ్రటి గది దేనికండీ?"

"నిశ్శబ్దానికి… అన్నయ్యా" అన్నాడు కండక్టరు.

"నిశ్శబ్దం మా ఇంట్లోనే కావలసినంత ఉందండీ. దానికోసం చొక్కా తొడుక్కుని ఇంతదూరం రావాలా? నలుగురం ఒకచోట కూర్చుని, కేకలేసుకుంటూ పేకాడుకునే చోటు కట్టండి. ఓడినవాణ్ణి తిట్టుకోనివ్వండి. ఆ బోర్డులు మాత్రం పెట్టకండి, మీకు పుణ్యముంటుంది."

హాలు గొల్లుమంది. ఇందాకటి చప్పట్లు దీనిముందు దిగదుడుపే. ఆఫీసరమ్మ కూడా నవ్వుతూ, "మీరెవరండీ? మీకు పిల్లలున్నారా?" అంది.

"సైకిళ్ళు బాగుచేసేవాణ్ణండి. ఒక కొడుకున్నాడు. పెద్ద ఉద్యోగం. వాడికి తీరికుండదు."

అంతే అన్నాడు. వేలెత్తి చూపించలేదు, కొడుకు వైపు తల కూడా తిప్పలేదు. మొహానే అనేస్తాడని భయపడ్డ మనిషి, అనాల్సిన ఒక్క మాటా మింగేసి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. పెద్దోడికి నేల చీలితే బాగుండుననిపించింది. అదేమో గట్టి సిమెంటు నేల.

లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఆయనే మా నాన్న. ఈయన పక్కింటి బాబాయ్. నేను మా నాన్నని ఏదీ అడగలేదు. ఎప్పుడూ అడగలేదు."

ఆఫీసరమ్మ కళ్ళద్దాల పైనుంచి వెనక్కి చూసింది. "మరి ఆ పక్కనున్న ఆవిడ…?"

"బతికే ఉన్నానమ్మా" అంది తల్లి. "ఇంతమంది నా కోసం నిలబడితే మధ్యలో చెప్పడం బాగుండదని ఊరుకున్నాను."

కండక్టరు జీవితంలో మొదటిసారి వెనక్కి వెనక్కి జరిగి తలుపు చేరుకున్నాడు. ఎవరో కొంటె ముసలాయన, "ముందుకు జరగండి బాబూ!" అని అరిచాడు.

ఆఫీసరమ్మ సంతకం పెట్టలేదు. అలాగని కాగితాలు చింపనూ లేదు. "లారీలవాళ్ళని నెల రోజులు ఆపుతాను. ఇంటింటికీ వెళ్ళి అడిగి, మళ్ళీ గీసుకురండి. ముందు మీ ఇంటికి వెళ్ళండి" అంది. తిట్టలేదు. అది ఇంకా బరువుగా ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల్లి గుమ్మంలోనే చెప్పింది. "పోయినదాన్ని, నేను వడ్డించలేను. నువ్వే పెట్టుకుని తిను."

అతను తినలేదు. కాగితం, పెన్సిలు పట్టుకుని వరండాలోకి వెళ్ళి, తండ్రి కుర్చీ పక్కన కిందే చతికిలబడ్డాడు.

"తప్పైపోయింది నాన్నా. చెప్పు… నీకేం కావాలి?"

తండ్రి కుర్చీ కొంచెం కొడుకు వైపు తిప్పుకున్నాడు. మోకాళ్ళు రుద్దుకున్నాడు. తీరిగ్గా గొంతు సవరించుకున్నాడు.

"నన్నడుగుతావేంట్రా? వెళ్ళి మీ నాన్ననడుగు. పక్కింట్లోనే ఉన్నాడు."