కొబ్బరికాయ కథ మళ్లీ వచ్చింది

ఆ పొద్దున ఉపేందర్‌రావు పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ కాచి ఫ్లాస్కులో పోసుకోవాలి, కంప్యూటర్ ముందు కూర్చోవాలి, ఎవరో ఒకరు జవాబు రాసేదాకా లేవకూడదు. ఎవరూ రాయకపోతే ఏం చేయాలన్నది మాత్రం ఆలోచించలేదు. ఆ సంగతి ఆలోచించడం ఆయనకు ఇష్టం లేదు.

కరీంనగర్ మంకమ్మతోటలో, రుక్మాబాయి గారి మేడమీది రెండు గదుల్లో ఆయన ఒక్కడే ఉంటాడు. భార్య జానకీబాయి పోయాక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి కంప్యూటరూ మోడెమూ కొన్నాడు. ఇది 1999 నాటి మాట. ఇంటర్నెట్టు అప్పుడప్పుడే ఈ వైపు తొంగి చూస్తోంది. కరీంనగర్, మంచిర్యాల, సుల్తానాబాద్, ఆదిలాబాద్‌లలో కంప్యూటర్ పిచ్చి పట్టిన వాళ్లందరినీ కూడగట్టి ఆయనొక ఈమెయిల్ గ్రూపు పెట్టాడు. ఎవరు ఏం రాసినా ముందు ఆయన దగ్గరికి వస్తుంది. ఆయన చూసి సరేనంటే అందరికీ పోతుంది. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు గానీ, మొదట్లో ఆ గ్రూపు పెళ్లివారిల్లులా ఉండేది.

దాన్ని పాడుచేసింది ఆయన జ్ఞాపకశక్తే. ఒకసారి వచ్చిన సంగతి మళ్లీ రాకూడదని నియమం పెట్టాడు. పాతది పంపినవాడికి "ఇది ఇంతకుముందే వచ్చింది" అని ఒక్క ముక్క రాసి తిప్పి కొట్టేవాడు. అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్నది కొబ్బరికాయ కథ. ఆదిలాబాద్‌లో ఒక పత్తి మిల్లు సేటు దసరానాడు కొత్త కంప్యూటర్‌కు ఆయుధపూజ చేసి, భక్తి పట్టలేక దాని నెత్తిమీదే కొబ్బరికాయ కొట్టాడట. బాగుచేయడానికి వచ్చినవాణ్ని, నీళ్లు తియ్యగానే ఉన్నాయి కదా, మరి ఎందుకు చెడిపోయిందని నిలదీశాడట. మంచిర్యాలలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే లింగారావు మొదటిసారి ఈ కథ రాసినప్పుడు గ్రూపంతా పడీ పడీ నవ్వింది. ఇక అప్పట్నుంచి ఊరు మార్చి ఒకరు, సేటును మార్చి ఒకరు దాన్నే పంపడం మొదలుపెట్టారు. ఏ వేషంలో వచ్చినా ఉపేందర్‌రావు పట్టేసేవాడు. పట్టుకున్న ప్రతిసారీ ఆయనకు మహా సంబరంగా ఉండేది. ఆ సంబరంలో ఉత్తరాలు తగ్గిపోతున్న సంగతి కనిపెట్టలేదు. వానలు పడేనాటికి ఏ నాలుగు రోజులకో ఒకటి వచ్చేది. దసరా దాటాక అదీ లేదు. తిప్పికొట్టడానికైనా ఒక పాత ఉత్తరం రాని ఇంట్లో సాయంత్రాలు గడవడం చాలా కష్టం.

అందుకే ఆయన పాపానికి ఒడిగట్టాడు. సుల్తానాబాద్ హనుమంతు అనే లేని మనిషిని పుట్టించి, ఆ పేరుతో కొబ్బరికాయ కథ గ్రూపుకు పంపాడు. తీరా దానికి సరేనందామని చూస్తే వేలు కదల్లేదు. తన చేత్తో పాతదాన్ని వదలడానికి మనసు ఒప్పుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది గ్రూపు మొదలుపెట్టినప్పుడు తనే చేసిన ఏర్పాటు. తనకేమైనా అయితే పదిమంది మాటా ఆగిపోకూడదని, వారంపాటు తాను ముట్టని ఉత్తరం దానంతటదే అందరికీ పోయేలా అమర్చాడు. నియమాల్లోనూ ఆ మాట రాశాడు. సరే, దానంతటదే పోనీ, నా చేతికి మసి అంటదనుకుని ఊరుకున్నాడు. ఆ పొద్దునతో వారం నిండింది.

కథ వెళ్లింది. ఆయన కూర్చున్నాడు. ఫోను తీగ కంప్యూటర్‌కే అంకితమైంది. పాల పాకెట్ తెచ్చుకోవడానికి కూడా కిందికి దిగలేదు. మధ్యాహ్నం దాటింది, దీపాలు పెట్టారు, వీధి సద్దుమణిగింది. ఒక్క జవాబూ రాలేదు. పాతదని తిట్టడానికైనా ఒకరూ రాయలేదే అనుకుంటూ లైటు కింద, కుర్చీలోనే నిద్రపోయాడు.

ఆయనకు తెలియనిదేమిటంటే, గ్రూపువాళ్లు పేరుకు ఇందులో ఉంటూనే ఎప్పుడో చాటుగా ఇంకో గ్రూపు పెట్టుకున్నారు. అక్కడ ఆ రోజంతా ఇల్లెగిరిపోతోంది. "సార్ ఉంటే గీ కొబ్బరికాయను రానిస్తడా? వారం నుంచి చూసేటోళ్లే లేరన్నట్టు" అని లింగారావు రాశాడు. అందరూ నియమాలు తీసి చదువుకున్నారు. అక్షరాలా అలాగే ఉంది. ఫోను చేస్తే పొద్దుటినుంచీ ఎంగేజి. రిసీవర్ పట్టుకునే పడిపోయి ఉంటాడని ఒకరన్నారు. ఎవరో వాకబు చేసి కింది ఇంటి రుక్మాబాయి నంబరు సంపాదించారు. ఆమెకు అంతవరకూ ఏ అనుమానమూ లేదు గానీ, అడిగాక అన్నీ గుర్తొచ్చాయి.

"పాల పాకెట్ మెట్లమీదనే పడి ఉన్నది. లైటు బందు కాలే. నేను ఒక్కదాన్ని పోయి చూడలేను బిడ్డా, మీరే రాండ్రి" అని ఆమె ఏడుపు అందుకుంది. దాంతో ఉన్న ఒక్క సందేహమూ తీరిపోయింది.

తెల్లారాక తలుపు చప్పుడుకు ఉపేందర్‌రావు లేచాడు. తీస్తే నలుగురు మనుషులు, ఒక పెద్ద బంతిపూల దండ, కింద వీధిలో ఒక జీపు. దండ పట్టుకున్న లావుపాటి మనిషి చెప్పులు విడిచి, చాలా మెల్లగా అడిగాడు.

"మీరు సార్‌కు ఏమైతరు?"

"ఏ సార్‌కు?"

"ఉపేందర్‌రావు సార్‌కు. నా పేరు లింగారావు. మేము ఆయన గ్రూపోళ్లం. పెద్దమనిషి పోయిండని తెలిసి వచ్చినం."

ఉపేందర్‌రావు నిజం చెప్పేవాడే. నోరు కూడా తెరిచాడు. కానీ చెబితే వీళ్లు నవ్వుకుని, జీపెక్కి వెళ్లిపోతారు. ఆ గుమ్మంలోకి నలుగురు మనుషులు వచ్చి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

"దగ్గరోన్నే. లోపటికి రాండ్రి" అన్నాడు.

సార్‌ను ఎప్పుడు తీసుకుపోయారని వాళ్లు అడిగితే, అంతా అయిపోయిందన్నాడు. ఒక విధంగా అది అబద్ధమూ కాదు. దండ వేద్దామంటే గోడమీద జానకీబాయి పటం తప్ప ఇంకేం లేదు. లింగారావు కాసేపు నాలుగు వైపులా చూసి దాన్ని కంప్యూటర్‌కు వేశాడు. ఉపేందర్‌రావు డబ్బాలో మిగిలిన పాలపొడితో టీ పెట్టాడు. ఇంట్లో రెండే గ్లాసులు ఉన్నందువల్ల ఒకరికి చెంబులో, ఇంకొకరికి టిఫిను గిన్నెలో పోశాడు. చావింట్లో ఇలాగే ఉంటుందనుకుని వాళ్లు ఏమీ అనకుండా తాగారు.

వాళ్లలో ప్రమోదిని అనే అమ్మాయి సుల్తానాబాద్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఆమె టీ గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని కూర్చుంది.

"నా మొదటి ప్రశ్నకు సార్ నాలుగు పేజీలు రాసిండు. గట్ల ఎవరు రాస్తరు చెప్పుండ్రి. నాకు అడగనీకె ప్రశ్నలు అయిపోయినంక తెలిసి తెలిసి పాతయే పంపిన. గా ఒక్క ముక్కన్న రాస్తడని."

ఉపేందర్‌రావు గబగబా స్టవ్ వైపు తిరిగాడు. ఏడుపొచ్చింది. తన గురించి ఇంత మంచిమాట బతికుండగా వింటానని ఆయన అనుకోలేదు.

లింగారావు గొంతు సవరించుకుని, తాము వేరే గ్రూపు పెట్టుకున్న సంగతీ చెప్పేశాడు. సార్ మనసు కష్టపెట్టుకుంటాడని ఆయనకు మాత్రం చెప్పలేదన్నాడు. ఆ మాట ఉపేందర్‌రావుకు ఎక్కడో లోపల తగిలింది. రోజూ తాను ఎదురుచూస్తూ కూర్చున్నది అందరూ ఖాళీ చేసి వెళ్లిన ఇంట్లోనన్నమాట. చేతిలో గరిటె పెట్టుకుని నిలబడిపోయాడు. పెద్దాయన దుఃఖం మరిపించుదామని పాపం లింగారావే పూనుకున్నాడు.

"సార్‌కు కొబ్బరికాయ కథ అంటే మస్తు కోపం ఉండె. మీకు ఎర్కేనా గా కథ? ఆదిలాబాద్‌ల ఒక సేటు దసరనాడు కంప్యూటర్‌కు పూజ చేసి..."

ఉపేందర్‌రావు పళ్లు బిగపట్టాడు. సేటు కొబ్బరికాయ ఎత్తేదాకా ఓర్చుకున్నాడు. ఆపైన ఆయన వల్ల కాలేదు.

"ఇది ఇంతకుముందే వచ్చింది."

ప్రమోదిని ఆయన ముఖం చూసింది, కంప్యూటర్ మీద దండ చూసింది, మళ్లీ ఆయన్ను చూసింది.

"సార్?" అంది.

సరిగ్గా అప్పుడే గుండె చిక్కబట్టుకుని మెట్లెక్కి వచ్చిన రుక్మాబాయి, పోయిన మనిషి గరిటె పట్టుకుని నిలబడటం చూసి గుమ్మంలోనే చతికిలబడింది. ఆమె తేరుకోవడానికి రెండు గ్లాసుల మంచినీళ్లు పట్టాయి. ఆ తర్వాత నవ్వులు, అక్షింతలు, ఇంకోసారి టీ. హనుమంతు ఎవరో కూడా బయటపడింది. కొత్త గ్రూపులో చేర్చుకుంటామని ప్రమోదిని అప్పటికప్పుడే మాటిచ్చింది. దాన్ని చూసుకునేది ఆమేనట. పాతవి రానిచ్చి రానిచ్చి తలబొప్పి కట్టి, ఆఖరికి తామూ సార్ నియమమే పెట్టుకున్నామని కాస్త సిగ్గుపడుతూ చెప్పింది.

మధ్యాహ్నానికి జీపు వెళ్లిపోయింది. గదులు మళ్లీ మునుపటిలాగే అయ్యాయి. ఇంకా చెప్పాలంటే, నలుగురు వచ్చి వెళ్లారు కాబట్టి మునుపటికంటే ఖాళీగా ఉన్నాయి. ఉపేందర్‌రావు గ్లాసులూ చెంబూ గిన్నే కడిగి బోర్లించాడు. దండ తీసి జానకీబాయి పటానికి వేశాడు. చాలాసేపు కూర్చుని కొత్త గ్రూపుకు మొదటి ఉత్తరం రాశాడు. తాను బతికే ఉన్నానని, వచ్చినవాళ్లందరికీ ఎంతో రుణపడి ఉన్నానని, ఎప్పుడొచ్చినా టీ ఉంటుందని రాశాడు. ఈ వారంలోనే గ్లాసులు కొంటానని కూడా చేర్చాడు.

చీకటి పడ్డాక ప్రమోదిని దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

"సార్, మీరు బతికున్న సంగతి లింగారావన్న మధ్యాహ్నమే కరీంనగర్ బస్టాండ్ కాడి ఇంటర్నెట్ సెంటర్ల కూసోని పెట్టిండు. ఇది ఇంతకుముందే వచ్చింది."

ఉపేందర్‌రావు ఆ ముక్కను రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, పత్తి మిల్లును బియ్యం మిల్లు చేసి, ఆదిలాబాద్‌ను జగిత్యాల చేసి, కొబ్బరికాయ కథ పంపించాడు.