ముప్పై రెండు క్లిక్కుల సస్పెన్షన్

కారులో కూర్చున్న మనిషి నడుముకు రోడ్డు సంగతి తెలియకుండా చేయడానికి ఇంజనీర్లు నూరేళ్లు కష్టపడ్డారు. ఆ నూరేళ్ల కష్టాన్ని ఒక ఆదివారం పొద్దున నాలుగు బోల్టులు విప్పి పక్కన పెట్టగలగడాన్ని అభివృద్ధి అంటారు. మా ఇంటికి అభివృద్ధి మా బావ ద్వారా వచ్చింది.

బావ అంటే మా అక్క భర్త. సర్వే ఆఫీసులో నక్షాలు గీస్తాడు. ఇంటి నుంచి ఆఫీసుకు తొమ్మిది కిలోమీటర్లు, పదిహేడు స్పీడ్ బ్రేకర్లు. ఊరి బయట రేసు ట్రాక్ ఒకటి ఉంది. ఏడాదికోసారి మామూలు జనాన్ని కూడా సొంత కార్లు తోలుకోనిస్తారు. ఆ రోజు బావ నలభై నిమిషాలు తోలతాడు. మిగిలిన రోజులన్నీ ఆ నలభై నిమిషాల గురించి మాట్లాడతాడు.

కారుకు ఇంకో పని కూడా ఉంది. వెన్ను ఆపరేషన్ అయిన మా అమ్మను వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. (తర్వాత నింపిన ఏ ఫారంలోనూ ఈ పని కనిపించదు. దానికి గడి లేదు.)

కారు కుదుపులను మింగే షాకులు అరిగిపోయాయి. కొత్తవి వేయించుకుంటే సరిపోయేది. కానీ బావకు కాయిలోవర్లు కావాలనిపించింది. అంటే స్ప్రింగూ షాకూ ఒకే ముక్కగా వచ్చే సామాను. కారు ఎత్తూ గట్టిదనమూ మనమే తిప్పుకోవచ్చు. అవి వీధిలో మెత్తగా ఉండాలి, ట్రాక్ మీద గట్టిగా ఉండాలి, రెండు చోట్లా నలుగురికీ కనిపించాలి.

ఇలాంటి కోరికల కోసమే ఫోన్లో 'వీధి మరియు ట్రాక్ సస్పెన్షన్ సలహా మండలి' అనే బృందం వెలసింది. పదకొండు వేల మంది సభ్యులు, ఒక అధ్యక్షుడు, ముగ్గురు స్ప్రింగుల కార్యదర్శులు. ప్రశ్న అడగాలంటే ఇరవై ఆరు గడుల దరఖాస్తు నింపి, ఈ ప్రశ్న ఇంతకుముందు ఎవరూ అడగలేదని హామీ ఇవ్వాలి. (తొమ్మిది వందల సార్లు అడిగారు. జవాబు మాత్రం ఇంతవరకూ రాలేదు.)

ఎనిమిదో గడిలో వాడకాన్ని శాతాల్లో రాయాలి. కొలతలతో బతికే మనిషి కాబట్టి బావ నిజాయితీగా లెక్కవేసి, ట్రాక్ వాడకం సున్నా పాయింట్ మూడు శాతం అని రాశాడు. నలభైకి తక్కువైన అంకెలను మండలి పరిశీలించదంటూ దరఖాస్తు తిరిగొచ్చింది. బావ నలభై అని దిద్దాడు. గడి చూపిస్తే చాలు, ఎంత నిజాయితీపరుడైనా అబద్ధాన్ని గుండ్రటి అక్షరాలతో రాస్తాడు.

నలభై శాతానికి తగినట్టు మండలి బాగా గట్టి స్ప్రింగులను ఖరారు చేసింది. వాటితో వచ్చే షాకుల గట్టిదనం తిప్పుకోవడానికి ముప్పై రెండు క్లిక్కులు, అంటే టిక్కుమనే మెట్లు, ఉంటాయి. పద్నాలుగో క్లిక్కు మీద పెట్టాలా, పదిహేనో దాని మీదా అని మూడు వారాలు చర్చ నడిచింది. పద్నాలుగు వర్గం నాయకుడికి అసలు కారే లేదని మధ్యలో బయటపడింది. (అందువల్ల అతని అభిప్రాయం నిష్పాక్షికమని మండలి తీర్మానించింది.)

బావ కాయిలోవర్లు తెప్పించి, ఆ పెట్టె తీసుకుని, కారును పన్నెండేళ్లుగా చూస్తున్న మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. ఆయన స్ప్రింగును చేత్తో తూచి, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారని అడిగాడు. అత్తగారని బావ చెప్పాడు.

"అయితే ఇవి వద్దు సార్. కంపెనీ షాకులే కొత్తవి వేస్తాను. ట్రాక్‌కి వెళ్లే రోజు మంచి టైర్లు వేసుకోండి, చాలు."

బావ ఈ మాటను మండలికి నివేదించాడు. సదరు మెకానిక్ మండలిలో ఇంతవరకూ ఒక్క వ్యాఖ్య కూడా రాయలేదని, కేవలం కార్లు బాగుచేసిన అనుభవాన్ని అర్హతగా పరిగణించలేమని జవాబు వచ్చింది. మెకానిక్ బిగించి ఇచ్చాడు. కారు రెండంగుళాలు కిందికి దిగింది.

మర్నాడు అమ్మను తీసుకెళ్లాం. వెనక సీట్లో పక్కన నేనున్నాను. మూడో స్పీడ్ బ్రేకర్ దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఐదో దాని దగ్గర చెయ్యి వదిలేసి, తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుంది. బావ అద్దంలోంచి చూశాడు.

"ఎలా ఉంది అత్తయ్యా? రోడ్డు తెలుస్తోందా?"

"తెలుస్తోంది బాబూ," అంది అమ్మ.

బావ దాన్ని ప్రశంసగా నమోదు చేసుకున్నాడు.

రెండు వారాల తర్వాత, ఎక్కడైనా పడ్డారా అని ఫిజియోథెరపిస్టు అమ్మను అడిగింది. అమ్మ లేదంది. విషయం అక్కకు అర్థమై బావను నిలదీసింది. మొదటి వెయ్యి కిలోమీటర్లలో కొత్త స్ప్రింగులు కుదురుకుంటాయని, అంతవరకూ కలిగే నొప్పి ప్రయాణికుల వ్యక్తిగత విషయమని బావ మండలి నియమం చదివి వినిపించాడు.

"మా అమ్మ నడుముకి వారంటీ లేదు. తీసేయించండి," అంది అక్క.

తీసేయడానికి వీల్లేకపోయింది. కారు ఎత్తు తగ్గించారంటూ అప్పటికే వాహన మార్పుల అనుమతి కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. తనిఖీ అయ్యేదాకా కారులో దేన్నీ మార్చకూడదట. బావ నోటీసు పట్టుకుని వెళ్తే, గేటు దగ్గర మోకాలెత్తు స్పీడ్ బ్రేకర్ ఉంది. కారు పొట్ట దాని మీద ఆనుకుంది. కారు లోపలికొస్తేనే కొలుస్తారని కాపలాదారు చెప్పాడు. ఎత్తు పరిశీలనాధికారి పరిధి గేటు లోపలి నుంచి మొదలవుతుంది కాబట్టి ఆయన బయటికి రాలేదు. బావ ఆఫీసు చొక్కాతోనే నడిరోడ్డు మీద పడుకుని, స్పానరుతో కారును రెండంగుళాలు పైకి తిప్పి లోపలికి తెచ్చాడు. అధికారి టేపుతో మూడుసార్లు కొలిచి, ఈ వాహనంలో ఎలాంటి మార్పూ జరగలేదని ముద్ర వేసి ఇచ్చాడు. బావ బయటికొచ్చి మళ్లీ కిందికి తిప్పాడు.

ఇక తీసేయడానికి అడ్డేమీ లేదు. కానీ లేని మార్పును ఎలా తీసేస్తామని బావ ఆ కాగితం చూపించాడు.

ఆ ఏడు ట్రాక్ మీద ఒక చుట్టు తిరగడానికి, అరిగిపోయిన పాత షాకులతో పట్టినదానికంటే రెండు సెకన్లు ఎక్కువ పట్టింది. లోపం తోలేవాడిదని మండలి వెంటనే తేల్చింది. బావ ఒప్పుకున్నాడు. ఇంట్లో ఎవరు చెప్పినా ఒప్పుకోని మనిషి.

ఆ మర్నాటి నుంచి అమ్మ బస్సులో వెళ్లడం మొదలుపెట్టింది. నేను కోప్పడితే నన్నే సముదాయించింది.

"అల్లుడి ముచ్చట మనమెందుకు కాదనాలిరా. బస్సు నెమ్మదిగా పోతుంది. ముందు సీటు ఇస్తున్నారు."

అక్క వారానికి మూడు పూటలు సెలవు పెట్టి అమ్మ వెంట వెళ్లింది. రెండు నెలలకు అమ్మ వంగి తన చెప్పులు తనే తొడుక్కుంది. నడుము బాగా కుదుటపడిందని ఫిజియోథెరపిస్టు చీటీ రాసిచ్చింది. అక్క దాన్ని భోజనాల దగ్గర, బావకు వినపడేలా చదివింది.

బావ శ్రద్ధగా విన్నాడు. చీటీ అడిగి తీసుకుని, ఫోటో తీసి మండలిలో పెట్టాడు: "వెయ్యి కిలోమీటర్లు పూర్తి. స్ప్రింగులు కుదురుకున్నాయి. అత్తగారి వైద్య నివేదిక జతచేశాను."

మూడు వందల పన్నెండు మంది అభినందించారు. వాళ్లలో ఒకతను, తన తల్లికి కూడా ఈమధ్యే వెన్ను ఆపరేషన్ అయిందని, ఏ స్ప్రింగులు వేయించమంటారని అడిగాడు. బావ అన్నం మధ్యలో లేచి, చెయ్యి కడుక్కుని, వివరాలన్నీ పంపాడు.