ఇరవై మూడో బండి చేసిన నేరం

మనిషి చక్రాన్ని కనిపెట్టిన తర్వాత సాధించిన అతి గొప్ప విజయం, ఆ చక్రం వెనక నడవడానికి ఒక రాజ్యాంగం రాసుకోవడం. అమెరికా పడమటి కొసన ఉన్న ఆరెగాన్‌కు వలస బయల్దేరిన ఇరవై మూడు ఎద్దుబళ్ల బృందం మిస్సోరి నది దాటకముందే నలభై ఒక్క నిబంధనలు రాసుకుంది. (నీళ్ల పీపాలు రెండు మరిచిపోయారు గాని, సిరా మరిచిపోలేదు.)

ఎనిమిదో నిబంధన చాలా ధర్మమైనది. ఇవాళ ముందు నడిచిన బండి రేపు చివరికి పోవాలి, మిగతావి ఒక్కో స్థానం ముందుకు జరగాలి. ఆ విధంగా ప్లాట్ నది పొడుగునా లేచే దుమ్ము అందరి గొంతుల్లోకీ సమానంగా పోతుంది. అయితే తొమ్మిదో నిబంధన ప్రకారం, కొత్త కెప్టెన్ వచ్చినప్పుడల్లా వరస ఒకటో నంబరు నుంచి మళ్లీ మొదలవుతుంది. ఈ బృందం వారానికో కెప్టెన్‌ని ఎన్నుకునేది.

ఇరవై మూడో నంబరు బండి కెజయా స్ట్రౌడ్‌ది. లోపల ఆమె భర్త ఏబ్నర్ పడుకుని దగ్గుతుండేవాడు. దుమ్ములేని గాలి తగలకపోతే మనిషి కొండలదాకా దక్కడని ఆమెకు భయం పట్టుకుంది. ఆరు రోజులు జరిగి జరిగి పదిహేడో స్థానానికి వచ్చేసరికి ఎన్నిక వచ్చిపడేది. పోటీదారులు మైదానంలో చెరో దిక్కుకు నడిచేవారు, ఎవరి వెనక ఎక్కువమంది మగవాళ్లు నడిస్తే అతనే కెప్టెన్. ఏబ్నర్ నడవలేడు, కెజయా మగవాడు కాదు.

"అయ్యా, ఒక్క నాలుగు రోజులు మా బండిని ముందు పెట్టండి. ఆయనకి ఊపిరాడట్లేదు," అని కొత్త కెప్టెన్ టట్‌హిల్‌ని బతిమాలింది.

"నాకు మాత్రం మనసు లేదామ్మా? రూలుంది కదా. మీ ఆయన్నే వచ్చి సభలో అర్జీ చదవమను."

"చదివే ఊపిరే ఉంటే అర్జీ ఎందుకండీ?"

"ఆ ముక్క కూడా అర్జీలో రాయించు."

కెజయా కూర్చుని నలభై ఒక్క నిబంధనలూ చదివింది. పొద్దున్నే బయల్దేరమని బాకా ఊదకముందే కదిలిన బండిని బహిష్కరించాలని ముప్పై ఒకటోది. బహిష్కరించిన బండి రొట్టెల కోసం బృందం వెనకాల పడకూడదు, మైలు దూరం ముందే నడుస్తూ ఉండాలని ముప్పై రెండోది. మర్నాడు తెల్లవారుతూనే ఆమె ఎద్దుల్ని అదిలించింది. ఏకగ్రీవంగా వెలివేశారు.

మూడో రోజుకి ఏబ్నర్ లేచి కూర్చుని పందిమాంసం వేయించమన్నాడు. వేయిస్తే, మాడిందని వంక పెట్టాడు. కెజయాకి ఆనందంతో ఏడుపొచ్చింది.

ఆ మర్నాడు నాలుగు బళ్లు బాకాకి ముందే కదిలాయి. ఆ తర్వాత తొమ్మిది. (ఇద్దరు పెద్దమనుషులు నేరం చేసే ధైర్యం లేక, చేసినట్టు రాసిచ్చారు.) బాకా ఊదేవాడు కూడా పోయాడు. చివరికి టట్‌హిల్ ఒక్కడే మిగిలి, సభ పెట్టి, తనను తాను ఏకగ్రీవంగా బహిష్కరించుకున్నాడు.

ఆ సాయంత్రం బహిష్కృతుల తొలి మహాసభ జరిగింది. దారి చూపిన శ్రీమతి స్ట్రౌడ్‌కు మొదటి తీర్మానంలో కృతజ్ఞతలు తెలిపారు. ఆవిడ ఇప్పటికే తొమ్మిది రోజుల మంచి గాలి వాడుకున్నారు గనుక, ఆవిడ బండి చివరికి పోవాలన్నది రెండో తీర్మానం. ఏబ్నర్ పూర్తిగా కోలుకున్నాడు, తన కాళ్లతో తానే నడిచి వెళ్లి, దానికి అనుకూలంగా ఓటేశాడు.